మనుబోలు నుంచి మా ఇంటికి వచ్చిన గుర్రం

మా ఆయనా నేనూ ముత్తుకూరులో పెళ్ళిళ్ళకు షామియానాలు వేస్తాం. కుర్చీలు, లైట్లు, వంటపాత్రలు, స్టేజీ మీద పూల అలంకారం, అన్నీ మావే. దగ్గర్లో కృష్ణపట్నం పోర్టు వచ్చి, థర్మల్ ప్లాంట్లు వచ్చి ఊళ్ళో ఉద్యోగాలు పెరిగాక పెళ్ళిళ్ళ హంగు కూడా పెరిగింది. ఒకప్పుడు పెళ్ళికొడుకు కారు దిగితే అందరూ తలతిప్పి చూసేవాళ్ళు. ఇప్పుడు గుర్రమెక్కి రావాలి. మా దగ్గర అన్నీ ఉన్నాయి గాని గుర్రం లేదు. ఎవరైనా అడిగితే మనుబోలులో ఒక అవ్వ దగ్గర్నుంచి అద్దెకు తెప్పించేవాళ్ళం.

అది తెల్లటి ఆడగుర్రం. చెవుల పక్కన టపాకాయలు పేలినా, బ్యాండువాళ్ళు నెత్తిమీదకొచ్చి వాయించినా తొణికేది కాదు. పెళ్ళికొడుకులే దాని మీద కూర్చుని వణికేవాళ్ళు. ఊరేగింపు అయిపోయాక నేను కొంగులోంచి బెల్లం ముక్క తీసి పెట్టేదాన్ని. మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు, మినీలారీ దిగీ దిగకముందే అది నా కొంగు వాసన చూడటం మొదలుపెట్టింది. ఆ వెచ్చటి ఊపిరి నా చేతికి తగిలిన రోజునే, నిజం చెప్పాలంటే, నాకు దాని మీద ఆశ పుట్టింది.

గుర్రాన్ని నడిపించే పెద్దాయన, అంటే అవ్వ భర్త, పోయాక అవ్వే కూలివాణ్ణి పెట్టుకుని దాన్ని పంపేది. ఒక రోజు పెళ్ళికి గుర్రం కావాలని ఫోన్ చేస్తే అవ్వ అంది:

"ఇంక నా వల్ల కాదు మే. మోకాళ్ళు పని చేయడంలా. గూడూరులో కూతురు రమ్మంటా ఉండాది. గుర్రాన్ని ఎవరికైనా ఇచ్చేసి పోదామనుకుంటుండా."

"ఎవరికో ఎందుకవ్వా, మాకియ్యి" అన్నాను. మా ఆయన పక్కనే అన్నం తింటున్నాడు. ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

ఫోన్ పెట్టేశాక అడిగాడు: "గుర్రాన్ని యాడ కట్టేస్తావు? ఫ్రిజ్ పక్కనా?"

"గోడౌను వెనకాల జాగా ఉండాది కదా."

"దానికేం పెడతారో తెలుసా నీకు?"

"ఉలవలు, తవుడు, పచ్చగడ్డి. నీకు పెట్టేదానికంటే సులువే."

ఆయన నవ్వాడు. మా ఇంట్లో ఆయన నవ్వాడంటే ఒప్పుకున్నట్టే.

మరుసటి ఆదివారం మనుబోలు పోయి మాట్లాడుకుని వద్దామనుకున్నాం. ఈలోగా మా గేదెకు జ్వరమొస్తే మందు కోసం పశువుల ఆసుపత్రికి పోయినప్పుడు, అక్కడి డాక్టరమ్మకు సంతోషం పట్టలేక చెప్పేశాను, గుర్రాన్ని కొంటున్నామని. ఆమె చిన్నపిల్ల. కాలేజీ నుంచి నేరుగా ఉద్యోగంలోకి వచ్చినట్టుంటుంది. చెప్పగానే రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది.

"రక్తపరీక్ష చేయించారా?"

"దానికి ఏ జబ్బూ లేదమ్మా. బంగారంలా ఉంటుంది."

"గ్లాండర్స్ అని ఒక జబ్బుంది. గుర్రాలకూ గాడిదలకూ వస్తుంది. ముక్కులో పుండ్లు పడతాయి, చీము కారుతుంది. కొన్నిసార్లు పైకి ఏమీ కనపడదు కూడా. మనుషులకు అంటుకుంటుంది. దానికి టీకా లేదు. ఉందని తేలితే గుర్రాన్ని బతకనివ్వరు. అందుకే గుర్రం చేతులు మారేముందు రక్తం ల్యాబుకు పంపాలి. రిపోర్టు వచ్చేదాకా అది ఉన్నచోటే ఉండాలి. తర్వాత ధనుర్వాతానికి, రేబిస్‌కు టీకాలు వేసి, ఆరోగ్యంగా ఉందని సర్టిఫికెట్ రాసిస్తాను. అప్పుడు తెచ్చుకోండి."

నా సంతోషం మీద చల్లటి నీళ్ళు పోసినట్టయింది. అయినా ఆమె చెప్పిన తీరులో భయపెట్టడం లేదు. "నేను చదువుకునేటప్పుడు తప్ప గుర్రాలను పెద్దగా చూడలేదు. మా ప్రొఫెసరుగారిని అడిగి అన్నీ సరిగ్గా చేస్తాను. నాకూ చూడాలని ఉంది" అంది. ఆ ఊరు తన పరిధిలోది కాదు గనక మనుబోలు పశువుల డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన సరేనన్నాక, ఆదివారం మాతో పాటే తనూ వస్తానంది.

అవ్వ ఇల్లు హైవేకి కొంచెం లోపలగా, వరిపొలాల పక్కన ఉంటుంది. మేము కారు దిగేసరికి అవ్వ గుర్రానికి స్నానం చేయించి, మెడలో బంతిపూల దండ వేసి నిలబెట్టింది. మా వెనకాల సంచీతో దిగిన డాక్టరమ్మను చూసి ముఖం చిట్లించింది.

"ఈమె ఎవరు మే?"

చెప్పాను. రక్తపరీక్ష అనగానే అవ్వకు కోపం ముంచుకొచ్చింది.

"నన్ను అనుమానిస్తుండారా? ఈ ఇంట్లో నేను తిన్నా తినకపోయినా దానికి పెట్టినాను. దానికి రోగమంటే నాకు రోగమన్నట్టే. పోండి, నేను అమ్మను."

మా ఆయన నా వైపు చూశాడు. నేను డాక్టరమ్మ వైపు చూశాను. ఆమె సంచీ కింద పెట్టి, అవ్వ పక్కనే అరుగు మీద కూర్చుంది.

"అవ్వా, మీ గుర్రానికి రోగం ఉందని తేల్చడానికి రాలేదు. లేదని రాసివ్వడానికి వచ్చాను. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే ఈ కాగితం వాళ్ళ ముఖాన కొట్టొచ్చు."

అవ్వ లేచి గుర్రం మెడలో దండ సర్దుతూ, "ముఖాన కొట్టొచ్చునా?" అంది.

"గట్టిగా కొట్టొచ్చు."

"అట్లయితే తియ్యి."

డాక్టరమ్మ ముందు పళ్ళు చూసింది, కళ్ళు చూసింది, టార్చిలైటు వేసి ముక్కులోపల చూసింది. దవడ కింద గడ్డలేమైనా ఉన్నాయేమోనని తడిమింది. గిట్టలెత్తి చూసింది. గుండె మీద స్టెతస్కోపు పెట్టినప్పుడు కళ్ళు మూసుకుని చాలాసేపు వింది. "ఎంత నిదానంగా కొట్టుకుంటుందో! వింటారా?" అని నా చెవులకు పెట్టింది. దూరంగా ఎవరో తాపీగా రోకటిపోటు వేస్తున్నట్టు వినిపించింది. మా ఆయనా విన్నాడు. అవ్వకిస్తే వద్దంది. "నాకు తెలవదా ఏంది దాని గుండె!"

మెడలో సూది దిగేటప్పుడు గుర్రం చెవి ఒకటి కదిపింది, అంతే. అవ్వ మాత్రం దాని జూలు పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. "అయిపోయిందమ్మా, అయిపోయింది తల్లీ" అని గుర్రానికి చెబుతోందో తనకు చెప్పుకుంటోందో తెలియలేదు.

రిపోర్టు వచ్చేదాకా గుర్రం ఎక్కడికీ కదలకూడదు, ఊరేగింపులకు పోకూడదు, వేరే గుర్రాన్ని దగ్గరికి రానివ్వకూడదు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ వారమే ఒక పెళ్ళికి గుర్రం తెస్తామని మాటిచ్చామని. పెళ్ళికొడుకు రైతుల ఇంటి పిల్లవాడు. వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి, తప్పు చేసినదానిలా నసుగుతూ విషయం చెప్పాను.

ఆయన కోప్పడలేదు. "రోగం రొష్టు ఎందుకులేమ్మా. మనకి కొత్త ట్రాక్టరుండాది కదా, దాన్నే గుర్రం చేస్తే పోలా?" అన్నాడు.

మేము ఆ ట్రాక్టరును అలంకరించిన తీరు ఇప్పటికీ మా ఫోన్లలో ఉంది. ఇంజను మీద మల్లెపూల దండలు, చక్రాలకు బంతిపూలు, పైన గొడుగు. పెళ్ళికొడుకు గుర్రం మీదైతే భయంభయంగా కూర్చునేవాడేమో, ట్రాక్టరు మీద రాజులా కూర్చున్నాడు. పెళ్ళికూతురింటి వీధి మలుపులో డ్రైవరును దిగమని, తనే స్టీరింగు పట్టుకుని పందిట్లోకి తెచ్చాడు. ఆ తర్వాత రెండు పెళ్ళిళ్ళవాళ్ళు గుర్రం వద్దు ట్రాక్టరే కావాలన్నారు. నా ఆశకు ఇదొక అడ్డంకేమోనని భయపడ్డాను కూడా.

రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజుల్లో మేము ప్రతి ఆదివారం మనుబోలు పోయేవాళ్ళం. దాన్ని చూడటానికని చెప్పుకునేవాళ్ళం గాని, అవ్వ వండే ఉలవచారు కూడా ఒక కారణమే. నేను చేపల పులుసు తీసుకుపోయేదాన్ని. డాక్టరమ్మ చెప్పినట్టు, గుర్రాన్ని ముట్టుకుని వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే కంచం ముందు కూర్చునేవాళ్ళం. అవ్వ ఆ సబ్బును చూసి ప్రతిసారీ మూతి తిప్పేది. నాలుగో ఆదివారానికి తనూ సబ్బు రుద్దుకోవడం చూసి మేము చూడనట్టు ఊరుకున్నాం.

ఆ ఆదివారాల్లోనే అవ్వ నాకు గుర్రం పని నేర్పింది. వెనకనుంచి పోకూడదు, పోతే మాట్లాడుతూ పోవాలి. ఉలవలు నానబెట్టి, ఉడకబెట్టి, చల్లారాక పెట్టాలి. చెమట ఆరకముందే నీళ్ళు పెట్టకూడదు. మా ఆయన గిట్టలు శుభ్రం చేయడం నేర్చుకున్నాడు. మొదటిసారి కాలు ఎత్తమంటే గుర్రం ఎత్తలేదు, ఈయనే బోర్లా పడ్డాడు. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఒక మధ్యాహ్నం నేను పనివాళ్ళతో కలిసి ఇరవై గ్యాసుపొయ్యిలు తోముతూ ఉండగా డాక్టరమ్మ ఫోన్ చేసింది. "అక్కా, నెగెటివ్! ఏ జబ్బూ లేదు" అంది. మేడం గొంతు పోయి చెల్లెలి గొంతు వచ్చేసింది ఆమెకు. నేను అక్కడికక్కడే మసి చేతులతో ముఖం తుడుచుకుని ఏడ్చి నవ్వాను. అవ్వకు చెబితే, "నేను ముందే చెప్పలా?" అంది. మళ్ళీ తనే, "ఆ కాగితం నాకొకటి ఇప్పించు మే. గోడకు అంటిస్తా" అంది.

టీకాలు వేయించి, సర్టిఫికెట్ రాయించుకుని, అదే రోజు గుర్రాన్ని తెచ్చుకుందామని, అనుకున్న డబ్బు తీసుకుని, మినీలారీ మాట్లాడుకుని డాక్టరమ్మతో పోయాం. లారీలో ఇసుక పోసి, పైన వరిగడ్డి పరిచాం. డాక్టరమ్మ టీకా సీసా బయటికి తీసి, గుర్రం చుట్టూ ఒకసారి తిరిగి, ఆగిపోయింది.

"అవ్వా, ఈ మధ్య దీనికి మేత ఎక్కువ పెడుతున్నారా?"

"పోతా ఉండాది కదా అని రెండు పిడికిళ్ళు ఎక్కువేస్తుండా."

డాక్టరమ్మ సీసా తిరిగి పెట్టెలో పెట్టేసింది. ఎవరికో ఫోన్ చేసింది, వాళ్ళ ప్రొఫెసరుగారికనుకుంటాను. తర్వాత భుజం దాకా వచ్చే తొడుగు వేసుకుని, అవ్వను తల పట్టుకోమని, గుర్రం వెనక పక్కకు నిలబడి లోపల చెయ్యి పెట్టి చూసింది. మళ్ళీ ఏ జబ్బోనని నేను ఆమె ముఖమే చూస్తున్నాను. ఆమె ముఖంలో మెల్లగా నవ్వు విచ్చుకుంది.

"అవ్వా, ఇది ఎక్కడెక్కడ తిరిగింది?"

"యాడ తిరుగుద్ది? పెళ్ళిళ్ళకే తిరిగింది. ఒక నెల నెల్లూరులో తెలిసినోళ్ళ దగ్గర కట్టేసినాం, ఆడ ఊరేగింపులు ఎక్కువని."

"వాళ్ళ దగ్గర మగగుర్రం ఉందా?"

అవ్వ గుర్రం పొట్ట వైపు తిరిగి చూసింది.

"అందరి పెళ్ళిళ్ళూ చేయిస్తూ తన పెళ్ళి కూడా చేసుకుంది అవ్వా. కడుపుతో ఉంది. సగం రోజులు గడిచిపోయినట్టున్నాయి."

అవ్వ గుర్రం ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళన్నీ చేసినావు, నీది మాత్రం నాతో చెప్పకుండానే చేసుకున్నావా?" అంది. అని, ఒక్కసారిగా పకపకా నవ్వింది. మా ఆయన బోర్లా పడ్డ రోజు కూడా అవ్వ అంతలా నవ్వలేదు. లారీ డ్రైవరు కూడా దిగొచ్చి సంగతి తెలుసుకుని నవ్వాడు.

నవ్వులు తగ్గాక అవ్వ కొంగు దోపి నిలబడింది.

"ఇప్పుడు ఒక మాట. నేను అమ్మింది ఒక గుర్రాన్ని. లోపలుండేది నాది."

మా ఆయన తల గోక్కున్నాడు. "న్యాయమే అవ్వా. అయితే లోపలుండేదాన్ని నీకిచ్చి పైదాన్ని తీసుకుపోయేది ఎట్లా?"

"అది నువ్వే చెప్పాల."

"ఈనేదాకా నీ దగ్గరే ఉంచుకో" అన్నాను నేను. అనడం అన్నాను గాని, చెయ్యి కొంగులో బెల్లం ముక్క కోసం పోయింది. అవ్వ నా ముఖం చూసింది, గుర్రం నా కొంగును వెతుక్కోవడం చూసింది. తన మోకాళ్ళు ఒకసారి రుద్దుకుంది.

"నా చేతకాదు మే. చూలుదాన్ని చూసుకోవాలంటే వయసులో ఉండేవాళ్ళు కావాల. రెండింటినీ నువ్వే తీసుకుపో. కానీ ఈనేటప్పటికి నేను ఉంటా. నన్ను పిలవకపోతే ఊరుకోను. అప్పటిదాకా దాన్ని ఊరేగింపులకు తిప్పబాకండి."

ఆ షరతుతో ఒక పెళ్ళిళ్ళ సీజనంతా గుర్రం మాకు పైసా తెచ్చేది కాదని మా ఇద్దరికీ తెలుసు. మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "పిలవడమేంది, నేనే కారేసుకుని వస్తా" అన్నాడు.

చూలుతో ఉన్నప్పుడు ధనుర్వాతం టీకా వేయొచ్చని, ఈనడానికి నెల ముందు మరోసారి వేస్తే తల్లి జున్నుపాలలోంచి పిల్లకు కూడా రక్షణ అందుతుందని డాక్టరమ్మ వివరించింది. రేబిస్ టీకా సంగతి ప్రొఫెసరుగారిని అడిగాక చూద్దామంది. గుర్రానికి టీకా వేసి, సర్టిఫికెట్ రాసిచ్చాక మా వైపు తిరిగింది.

"గుర్రాల కొట్టంలో మట్టికి, పేడకు ధనుర్వాతం భయం ఎక్కువ. మీరిద్దరూ కూడా సూది వేయించుకోవాలి."

నేను సరేనన్నాను. వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన లేడు. లారీ టైరులో గాలి చూస్తున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన సూది వేయించుకోగా నేను చూడలేదు. అవ్వే పోయి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"అబ్బయా, అది నోరులేనిది, కదలకుండా నిలబడింది. నువ్వేంది, గుర్రం కంటే పెద్దోడివా?"

ఆ సాయంత్రమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆయనకు సూది పడింది. నర్సు అయిపోయిందని చెప్పాక కూడా చాలాసేపు కళ్ళు తెరవలేదు.

గోడౌను వెనక సముద్రపు గాలి తగిలేలా, రేకుల పైన తాటాకు కప్పి కొట్టం వేశాం. గుర్రం నాలుగైదు రోజులు బెంగగా ఉండి, తర్వాత ఉలవల బానలో మూతి పెట్టి ఎత్తకుండా తినడం మొదలుపెట్టింది. సాయంత్రాలు దాన్ని సరుగుడు తోటల వెంట నడిపించుకుపోయేదాన్ని. షిఫ్టు దిగి వచ్చే వాళ్ళు కంపెనీ బస్సుల కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, "అక్కా, ఎప్పుడు ఈనుద్ది?" అని అరిచేవాళ్ళు. నా కడుపున ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడు కూడా ఇంతమంది అడగలేదు.

ఈనే రోజులు దగ్గరపడ్డాక, అన్నమాట ప్రకారం మా ఆయన కారేసుకుని పోతే, అవ్వ గూడూరులో కూతురింటి నుంచి ఒక సంచీతో వచ్చింది. కొట్టం పక్కనే నులకమంచం వేసుకుంది. లోపల ఫ్యాను కింద పడుకోమంటే వినలేదు. ఒక వేకువన, కాకులు అప్పుడే లేస్తున్నాయి, "మే, లెయ్యి. చప్పుడు చేయబాక" అని గుసగుసగా పిలిచింది. పోయేసరికి అంతా అయిపోయింది. తల్లి పిల్లను నాకుతోంది. పిల్ల లేవబోయి, కాళ్ళు నాలుగూ నాలుగు పక్కలకు పోయి, కూలబడి, మళ్ళీ లేవబోయింది. మా ఆయన తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. ఎట్టకేలకు నిలబడింది. తూలుతూ పోయి పొదుగు వెతుక్కుంది.

వెలుతురు వచ్చాక గాని గమనించలేదు. పిల్ల కారునలుపు.

పక్కింటి అన్న గోడ మీద నుంచి చూసి మొదలుపెట్టాడు: "తెల్ల గుర్రానికి నల్ల పిల్లేందబ్బా?" ఎదురింటామె అందుకుంది: "బొగ్గు లారీలు పోయే దోవలో పుడితే ఇంకేమవుద్ది? మా ఇంట్లో ఆరేసిన చీరలు చూడు." ఆ రోజంతా ఊరు ఊరంతా ఇదే మాట. డాక్టరమ్మ వచ్చి, బొడ్డుకు మందు రాసి, ఆడపిల్ల అని చెప్పి, నవ్వుతూ అసలు సంగతి చెప్పింది. ఇలాంటి తెల్ల గుర్రాలు పుట్టేటప్పుడు నల్లగానే పుడతాయట. ఏళ్ళు గడిచేకొద్దీ మెల్లమెల్లగా తెల్లబడతాయట.

"మన జుట్టు మాదిరే" అంది అవ్వ, తన ముడి తడుముకుంటూ.

టీకాలు పడేదాకా పిల్లను జనంలోకి తీసుకుపోకూడదని డాక్టరమ్మ ఆంక్ష. చూడటానికి వచ్చేవాళ్ళను నేను గోడ అవతలే నిలబెట్టేదాన్ని. కొన్ని నెలలకు మొదటి సూది, తర్వాత రెండో సూది పడ్డాయి. పిల్ల తల్లిలా కాదు, సూదికి గంతులు వేసి డాక్టరమ్మ టోపీ లాగి పడేసింది.

తల్లిని మళ్ళీ ఊరేగింపుకు తీసింది కృష్ణపట్నంలో ఒక పెళ్ళికి. పిల్లను కొట్టంలో వదిలి పోదామంటే, రెండూ పోటీపడి సకిలించాయి. సరే రానీ అన్నాడు మా ఆయన. పిల్ల తాడు పట్టుకుని దాని పక్కనే నడిచాడు. తల్లి మీద పెళ్ళికొడుకు, వెనకాల బూడిదరంగు ముఖంతో పిల్ల. బ్యాండు కొత్త గదా, మొదట బెదిరింది. తర్వాత డోలు వాయించేవాడి పక్కన చేరి, చెవులు ఊపుతూ నడిచింది. ఆడవాళ్ళంతా దాని చుట్టూ మూగారు. హారతి పళ్ళెం తెచ్చిన పెళ్ళికూతురి మేనత్త ముందు పిల్లకే బొట్టు పెట్టింది. వీడియో తీసే అతను కెమెరా తిప్పి దాని వెంటే నడిచాడు.

పందిరి దగ్గర పెళ్ళికొడుకు దిగుతూ నా చెవి దగ్గర వంగాడు.

"అక్కా, ఒక మాట అడుగుతా, ఏమనుకోబాక. ఆ వీడియోలో నేను యాడన్నా ఉండానా?"

నేను జవాబు చెప్పేలోగా పిల్ల వెనకనుంచి వచ్చి, అతని మెడలో దండలోంచి ఒక చామంతిని పుటుక్కున తెంపుకుని నమలడం మొదలుపెట్టింది. కెమెరా అతను పరిగెత్తుకొచ్చాడు. పెళ్ళికొడుకు దాని మెడ చుట్టూ చెయ్యి వేసి, తలపాగా సర్దుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.